ముందువాడి ఊపిరి

పరమేష్ ఊళ్లో దిగిన సంగతి శామీర్‌పేటలో అందరికంటే ఆలస్యంగా తెలిసింది వీరేందర్‌కే. పెద్దచెరువు కట్ట మీద టీ బండి దగ్గర పుట్టిన కబురు చేపల సంఘం గదికి, అక్కడి నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి వాడవాడకూ పాకింది గానీ, వీరేందర్ గడప దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. పదేళ్లుగా ఆ ఇంట్లో పరమేష్ పేరు ఎత్తినవాళ్లు లేరు. కోరి తిట్లు తినాలన్న సరదా ఊళ్లో ఎవరికీ లేదు.

చివరికి భార్య వినోదే చెప్పింది, అతను డ్యూటీకి బయల్దేరుతుంటే టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

“పరమేష్ వచ్చిండట.”

వీరేందర్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. “ఎందుకట?”

“నాయిన సచ్చిపోయిన ఆర్నెల్లకు వచ్చిండు. నడుముకు బెల్టు కట్టుకొని నడుస్తాండట.”

“నడవనీ” అని బండి స్టార్టు చేశాడు.

గుండ్లపోచంపల్లిలో ఒక పెద్ద గోదాము దగ్గర అతను సెక్యూరిటీ సూపర్‌వైజరు. సైన్యంలో పదిహేనేళ్లు చేసి వచ్చినవాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఆ చుట్టుపక్కల దొరకదు. పనిలో తప్పు పట్టడానికి వీల్లేని మనిషి. ఆ రోజు మాత్రం లోపలికి వచ్చిన మూడు లారీల నంబర్లు తప్పుగా రాశాడు.

కథ ముందుకు పోవాలంటే పడవ సంగతి కాస్త చెప్పుకోవాలి. వీరేందర్, పరమేష్ ఇద్దరూ చేపలు పట్టే ఇళ్ల పిల్లలు. థర్మకోల్ దిమ్మెలకు ఎరువుల సంచులు చుట్టి తాళ్లతో బిగించిన తెప్పల మీద పెరిగారు. పంతొమ్మిదో ఏట ఒకే రోజు సైన్యంలో చేరారు. అక్కడ ఎవరో అధికారి వీళ్ల భుజాలు చూసి, వీళ్లను పోటీ పడవల శిక్షణకు పంపించాడు. మొదటిసారి ఆ పడవను చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. కందికట్టెలాగా సన్నగా పొడుగ్గా ఉన్న ఆ వస్తువులో మనిషి ఎట్లా కూర్చుంటాడని.

కూర్చున్నారు. ఇద్దరి పడవ, ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. అందులో తమాషా ఏమిటంటే, పడవ పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఇద్దరి ముఖాలూ ఒకే వైపుకు, ఒకరి వెనక ఒకరు. ముందు కూర్చున్నవాడు లయ పెడతాడు. వెనకవాడి పని ఒక్కటే, ఆ లయను వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టుకోవడం. ముందు పరమేష్, వెనక వీరేందర్. అంటే ఎనిమిదేళ్లపాటు, రోజుకు నాలుగైదు గంటలు, వీరేందర్ చూసింది పరమేష్ వీపు. మెడ కింద కందిగింజంత పుట్టుమచ్చ, కుడి భుజం మీద పాత గాయం, చలికాలంలో ఒంటి మీద లేచే ఆవిరి. పరమేష్ ముఖం కంటే ఆ వీపే అతనికి బాగా తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. తెడ్డు నీళ్లలో దించడానికి ముందు పరమేష్ ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి లాగేవాడు. ఆ చప్పుడు పక్క పడవలకు కూడా వినిపించేది. కోచ్ అతనికి ‘ఇంజన్’ అని పేరు పెట్టాడు. కళ్లతో చూసి తెడ్డు లాగితే అప్పటికే ఆలస్యం అవుతుందని వీరేందర్ మొదటి ఏడాదిలోనే గ్రహించాడు. అందుకే చెవితో విని లాగడం నేర్చుకున్నాడు. ఆ ఊపిరి వినబడితే చాలు, చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేవి. అందులో మెదడుకు పనే లేదు. అట్లా ఆ ఇద్దరూ దేశానికి ఆడారు, ఆసియా పోటీల్లో వెండి పతకం తెచ్చారు. శామీర్‌పేటలో ఓపెన్ టాప్ జీపులో ఊరేగించారు. ముందు పరమేష్ నిలబడ్డాడు, వెనక వీరేందర్.

తర్వాత ఒక పొద్దున పరమేష్ లేడు. “నాయినకు బాగలేదు, ఇంటికి పోతున్న” అని చెప్పి పోయాడు. వారం తర్వాత వీరేందర్ ఫోన్ చేస్తే పరమేష్ తండ్రి సోమయ్యే ఎత్తాడు. “నాకేమైంది బిడ్డా, గిప్పుడే వల గుంజి వచ్చిన” అన్నాడు. ఇంకో నెలకు అసలు సంగతి బయటపడింది. పరమేష్ సైన్యం నుంచి పేరు తీయించుకున్నాడు. ఎడారి దేశం ఒకటి పతకాల కోసం ఆటగాళ్లను పోగుచేసుకుంటోంది. ఇతను వాళ్ల జట్టులో చేరాడు. ఇక్కడి పాస్‌పోర్టు వదిలేసి, రెండేళ్లు పోటీలు లేకుండా కూర్చుని, అక్కడి పాస్‌పోర్టు తీసుకున్నాడు.

ఆ కబురు తెలిసిన పొద్దున వీరేందర్ పడవ దగ్గరికి వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీ. ఇద్దరి పడవ ఒక్కడితో సరిగా నిలవదు. ఒడ్డుకు కట్టేసిన పడవలో అట్లాగే గంటసేపు కూర్చుని ఏడ్చాడు. ఆ సంగతి వినోదకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లకు చైనాలో జరిగిన ఆసియా పోటీల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. వీరేందర్ ముందు ఇప్పుడు రాజస్థాన్ కుర్రాడు కూర్చుంటున్నాడు. మంచివాడే. పక్క వరుసలో పరమేష్, వేరే రంగు అంగీలో, వేరే జోడీతో. ఆఖరి మూడు వందల మీటర్లు మిగిలాయనగా మన పడవ మూడో స్థానంలో ఉంది. వెనక నుంచి పరమేష్ పడవ వచ్చి పక్కన కలిసింది. సరిగ్గా అప్పుడు వీరేందర్ తెడ్డు తప్పు సమయంలో నీళ్లలోకి దిగి ఇరుక్కుపోయింది. పిడి వచ్చి డొక్కలో పొడిచింది, పడవ గిర్రున పక్కకు తిరిగింది. పతకం పరమేష్ జట్టుకు పోయింది. మనవాళ్లు అయిదో స్థానం.

“ఏమైంది?” అని కోచ్ అడిగితే చెయ్యి జారిందన్నాడు. దోస్తును చూసి వణికాడని జట్టులో అన్నారు. అమ్ముడుపోయాడని కూడా ఒకరిద్దరు అన్నారు. కోపంతో కళ్లు కమ్మాయని వీరేందర్ తనకు తాను చెప్పుకున్నాడు. ఆ ఏడాదే అతన్ని జట్టులోంచి తీసేశారు. రెండుసార్లూ తనకు అన్యాయం చేసినవాడు పరమేష్ ఒక్కడే అని అప్పటి నుంచీ నమ్ముతున్నాడు.

సెలవు రోజున కట్ట దిగుతుంటే అతనికి ఆ వీపు కనిపించింది. ముందు వీపునే గుర్తుపట్టాడు. బనీను మీద నల్లటి బెల్టు, ఎడమ పక్కకు ఒరిగిన నడుము, నెరిసిన మెడ వెంట్రుకల కింద అదే పుట్టుమచ్చ. పరమేష్ ఎండిన నేల మీద నిలబడి ఒక్కడే వల విసరడం సాధన చేస్తున్నాడు. వల అంచు పళ్ల మధ్య కరచిపట్టి, మిగతాది మోచేతి మీద మడతలు వేసుకొని, ఒళ్లు తిప్పి విసురుతున్నాడు. సీసపు గుండ్లు దుమ్ములో పడి చప్పుడవుతోంది. వల సగమే విచ్చుకుంటోంది.

పరమేష్ వెనక్కి తిరిగాడు.

“నీ దగ్గరికే వద్దామనుకుంటున్న రా” అన్నాడు పరమేష్.

“చెప్పు.”

“నాయిన జాగల సంఘంల నా పేరు ఎక్కియ్యమని అడిగిన. పరీక్ష పెడతరట గదా.”

సంఘంలో సభ్యుడు చనిపోతే ఆ స్థానం కొడుకుకు వస్తుంది. కాకపోతే మత్స్యశాఖవాళ్లు వచ్చి పరీక్ష పెడతారు. ఈత రావాలి, వల అల్లడం రావాలి, తెప్ప మీద నిలబడి వల విసరడం రావాలి. తెప్ప నడపడానికి వెనక ఒక పాత సభ్యుడు కూర్చోవాలి. వీరేందర్ కూడా పాత సభ్యుడే. ఏ సభ్యుడైనా లేచి వద్దంటే ఆ పేరు పక్కన పెడతారు. ఈ పరీక్ష ఏటేటా ఉండదు. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి వస్తారు.

“దేశాల తరఫున పడవ నడిపినోనికి చేపల సంఘం ఎందుకు?” అన్నాడు వీరేందర్. ఎత్తిపొడుపుగానే అన్నాడు.

పరమేష్ వల మడతపెడుతూ చెప్పాడు. నడుములో పూస జారింది. రెండేళ్ల కింద ఆట ఆగిపోయింది. ఆ దేశం ఆడేవాళ్లకే పాస్‌పోర్టు ఇస్తుంది. ఆడనివాళ్లకు పొడిగించదు. అతనిది మార్చితో అయిపోతుంది. ఇక్కడికి వచ్చిన వీసా ఇంకో నెల. “మన దేశంది నేనే వాపసిచ్చిన గదా. మేడ్చల్ల వకీలును అడిగిన. తిరిగి అడుగుడు మస్తు కష్టమన్నడు. ఊళ్లె నాయిన జాగ ఉన్నది, గీ చెర్వు మీద బతుకుతెరువు ఉన్నది అని సూపెట్టెటందుకు ఒక్క కాగితమన్న తెమ్మన్నడు. పని అయితదో కాదో ఎరుకలేదు. ఒక్క కాగితం మీదన్న నా పేరుండాలె రా. గిప్పుడు ఏడ లేదు.”

“సంఘం పెద్ద వెంకటనర్సయ్య కాక ఏమన్నడు?”

“ఇంకో సంఘంల ఉన్నోనికి జాగ ఇయ్యొద్దని రూల్ల ఉన్నదట. ఇంకో దేశంల ఉన్నోని సంగతి రాయలేదట. మొదలు పరీక్షల గెలువు, తర్వాత సంగతి పైవాళ్లు చూసుకుంటరన్నడు.” పరమేష్ నవ్వబోయి మానేశాడు. “తెప్ప మీద నా ఎనక నువ్వు కూసుంటవా?”

వీరేందర్‌కు ఒళ్లు మండింది. “నాయినకు బాగలేదని అబద్ధం చెప్పి పోయినవ్. నాకు చెప్తే ఏమైతుండె?”

“నీకు చెప్తే పైవాళ్లు నిన్ను గూడ నిలబెట్టి అడుగుతుండిరి, ముందుగాల తెల్వదా అని. నువ్వు అబద్ధం ఆడలేవు. నీ నౌకరి గూడ పోతుండె.”

“పైసలకు పోయినవ్.”

“పైసలు ఇచ్చిన్రు, లేదనను. గని నన్ను గీడ తీసేస్తుండిరి రా. వయసైంది, పిల్లలకు నేర్పుకో అన్నరు. వాళ్లు ఇంకో ఆరేండ్లు నీళ్ల మీద ఉంచుతమన్నరు. నాకు గా ఆరేండ్లు గావాలె.”

ఆ మాట నిజమని వీరేందర్‌కు తెలుసు. తనకు కూడా అదే ఆశ ఉండేది. తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు. “పరీక్ష దినం నేను లేస్త. అందరి ముందల వద్దంట” అన్నాడు.

“లెవ్వు. నీకు హక్కుంది” అన్నాడు పరమేష్. మళ్లీ అవతలికి తిరిగి వల అంచు పళ్లతో పట్టుకున్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున మత్స్యశాఖ నుంచి మాధవీలత అనే అధికారి రిజిస్టరు పట్టుకొని వచ్చింది. కట్ట కింద షామియానా వేశారు. పరీక్షకు ఇరవై నాలుగు మంది, చూడడానికి సగం ఊరు. సంఘం పెద్ద వెంకటనర్సయ్య కొత్త ధోవతి కట్టుకొని అటూఇటూ తిరుగుతున్నాడు. పరమేష్ తల్లి సాలమ్మ రాజీవ్ రహదారి పక్కన చేపలు వేయించి అమ్మే బండి ఆ పూట బంద్ పెట్టి, తువ్వాలు భుజాన వేసుకొని ఒడ్డున కూర్చుంది. పోటీ పడవల్లో పతకాలు తెచ్చిన కొడుక్కి చెరువులో పరీక్ష ఏమిటని ఎవరో అంటే, “నా కొడుకు పరీక్షలకు బెదిరెటోడు గాదు” అంది. బెదిరింది ఆమే.

ఈత అయింది. నడుము బెల్టుతోనే పరమేష్ అందరికంటే ముందు ఒడ్డు చేరాడు. వల అల్లడం అయింది. ఇక విసరడం.

“సోమయ్య కొడుకు పరమేష్” అని చదివాడు వెంకటనర్సయ్య. “ఎవలకన్న అభ్యంతరం ఉంటె లేవాలె.”

తలలన్నీ వీరేందర్ వైపు తిరిగాయి. లేద్దామనే వచ్చాడు. అనాల్సిన మాటలు నాలుగు రోజులుగా గోదాము గేటు దగ్గర నిలబడి కూర్చుకున్నాడు. అయితే ఎదురుగా తడి ఒంటితో, చెప్పుల్లేకుండా, పిల్లకాయల వరసలో నిలబడ్డ ఆ వీపు కనిపించింది. లేవలేదు.

“మంచిది” అన్నాడు వెంకటనర్సయ్య, ఊపిరి పీల్చుకొని. “రామయ్యా, తెప్ప పట్టు.”

తోడు కూర్చుంటానని ఒప్పుకున్న రామయ్య బుర్ర గోక్కున్నాడు. “పొద్దున సంది బుజం గుంజుతాంది కాకా” అన్నాడు. భుజానికి ఏమీ కాలేదని అందరికీ తెలుసు. పరాయి దేశానికి ఆడినవాడితో ఒకే తెప్ప మీద కనిపించడం అతనికి ఇష్టం లేదు. వెంకటనర్సయ్య మిగతా సభ్యుల వైపు చూశాడు. ఒకడు చెరువు చూశాడు, ఒకడు ఆకాశం చూశాడు. “రెంటికి చెడ్డ రేవడి ఎనక ఎవలు కూసుంటరు?” అని ఎవరో చిన్నగా అన్నారు. పరమేష్ అప్పటికే తెప్ప ఎక్కి ముందు నిలబడ్డాడు. వెనక భాగం ఖాళీగా ఉంది.

వీరేందర్ లేచాడు. జనం గుసగుసలు ఆపేశారు. వద్దంటాడనే అనుకున్నారు.

“తెప్ప నేను నడుపుత” అన్నాడు.

ఒకే తెడ్డు. దాన్ని అటూ ఇటూ వేస్తూ లోతుకు తీసుకుపోయాడు. తెప్ప మీద ఇద్దరూ పోయే దిక్కుకే ముఖం పెట్టారు. అది కొత్తగా అనిపించింది. దూరంగా రిసార్టుల గోడలు, అవతలి ఒడ్డున కొంగలు. ముందు అదే వీపు, అదే పుట్టుమచ్చ. వీరేందర్‌కు గుండె నిండిపోయింది. పదేళ్లలో ఒక్క పొద్దున కూడా తను ఇంత సంతోషంగా లేడని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ మోసింది కోపం అనుకున్నాడు. అందులో సగానికి సగం బెంగే.

“గీడ ఆపు” అన్నాడు పరమేష్.

ఆపాడు. తెడ్డు నీళ్లలో నిలువుగా దించి, తెప్ప కదలకుండా పట్టుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన మొదటి పాఠం అదే. విసిరేవాడు ఒళ్లు తిప్పినప్పుడు వెనకవాడు రాయిలా ఉండాలి.

పరమేష్ వల మడతలు మోచేతి మీద సర్దుకున్నాడు. అంచు పళ్ల మధ్య కరచిపట్టాడు. నోట్లో వల ఉన్నవాడు గాలి ముక్కుతోనే పీల్చాలి. భుజాలు వెనక్కి తిప్పి, ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి లాగాడు.

వీరేందర్ చేతులు తెడ్డు లాగాయి.

లాగాడని అనడం కూడా సరికాదు. అతనికి తెలిసేసరికే అయిపోయింది. ఎనిమిదేళ్లు నేర్చిన లాగుడు, పోటీ పడవకు సరిపోయేంత బలం. తెప్ప పరమేష్ కాళ్ల కింది నుంచి ముందుకు దూకింది. అతను వెల్లకిలా పడ్డాడు. నడుము తెప్ప అంచుకు తగిలి, వల ఒంటికి చుట్టుకొని నీళ్లలోకి జారాడు. ఒడ్డున సాలమ్మ అరుపు వినిపించింది. వీరేందర్ దూకి అతని తల నీళ్ల పైన పట్టుకున్నాడు. ఎవరో ఇంకో తెప్ప వేసుకొచ్చేదాకా అట్లాగే పట్టుకున్నాడు. పరమేష్ ముఖం నొప్పితో తెల్లబడింది గానీ, కళ్లు మాత్రం వీరేందర్ వైపే ఆశ్చర్యంగా చూస్తున్నాయి.

మాధవీలత మంచి మనిషి. “ఆయన లేస్తే ఇంకోసారి విసరమనండి, నేను ఆగుతాను” అంది. మిగతా ఇరవై ముగ్గురినీ చూసి మళ్లీ వచ్చింది. పరమేష్ మూడుసార్లు లేవబోయాడు. మూడోసారి మోకాళ్ల దాకా వచ్చి మళ్లీ ఒరిగిపోయాడు. ఆమె రిజిస్టరులో రాయాల్సింది రాసింది. “వచ్చేసారి తప్పకుండా రండి” అంది. వచ్చేసారి ఎప్పుడో అక్కడున్న అందరికీ తెలుసు.

సాలమ్మ తడిసిన తువ్వాలు పిండుకుంటూ వీరేందర్ ముందుకు వచ్చింది. “నీ కడుపు సల్లవడ్డదా కొడుకా?” అంది.

“కావాలని చెయ్యలే పెద్దమ్మా.”

“లేస్తనంటివట. లేచి వద్దంటె అయిపోతుండె గద. నడుము ఇరగ్గొట్టాల్నా?”

వెంకటనర్సయ్య అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. “పాతది తీర్సుకున్నవ్. ఇగ ఇడిసిపెట్టు” అన్నాడు, అర్థం చేసుకున్నవాడిలాగా. తిట్టినా బాగుండేది. టీ బండి దగ్గర కొందరైతే భేష్ అన్నారు కూడా. దేశద్రోహికి దేవుడు వీరేందర్ చేత్తో బుద్ధి చెప్పాడన్నారు. వీరేందర్ చాయ్ గ్లాసు అక్కడే పెట్టి ఇంటికి పోయాడు.

రాత్రి అన్నం పెడుతూ వినోద కూడా అడిగింది. “నాకన్న నిజం చెప్పు. కావాలనే గుంజినవా?”

పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి. ఆమె కళ్లలోకి చూసి, ఏం చెప్పినా సగమే నమ్ముతుందని అర్థమై, చెయ్యి కడుక్కున్నాడు.

నాలుగో రోజు పరమేష్ ఇంటికి వెళ్లాడు. సాలమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. “రానియ్యే అవ్వా” అని లోపలి నుంచి పరమేష్ అన్నాడు. మంచం మీద బోర్లా పడుకొని, ముఖం గోడవైపు పెట్టాడు. వీపు మీద ఆముదం రాసి, వేడి ఇటుక గుడ్డలో చుట్టి పెట్టారు. వీరేందర్‌కు మళ్లీ కనిపించింది వీపే. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“పరమేష్, నేను...”

“నాకెరుక.”

“ఏం ఎరుక?”

“నువ్వు కావాలని గుంజలే. నా ఊపిరి ఇన్నవ్.”

ఊరంతా ఒకటి అనుకుంటుంటే, భార్య కూడా అనుమానిస్తుంటే, నిజం తెలిసినవాడు నడుము విరిగి పడుకున్న ఈ ఒక్కడే. వీరేందర్‌కు ఏడవడానికి సిగ్గనిపించలేదు. పరమేష్ ముఖం ఎట్లాగూ గోడవైపే ఉంది.

పరమేష్ అడిగాడు. “చైనాల గూడ గంతేనా?”

ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి ఆ నీళ్లు, ఆ మూడు వందల మీటర్లు అతని కళ్ల ముందుకు వచ్చాయి. ముందు రాజస్థాన్ కుర్రాడి వీపు, పక్కకు చేరిన పడవ. ఆ పడవ నుంచి ముక్కుతో లాగిన ఊపిరి చప్పుడు. తన ముందువాడు ఇంకా తెడ్డు ఎత్తకముందే తన తెడ్డు నీళ్లలోకి దిగింది. కోపం కాదు, వణుకు కాదు. ఎవరికో అమ్ముడుపోవడం అసలే కాదు. తన దేశం పడవలో కూర్చుని, పక్క దేశం పడవలో ఉన్నవాడి లయకు తెడ్డు వేశాడు. జట్టు మారింది పరమేష్ అని పదేళ్లు ఊరంతా తిట్టింది, తనూ తిట్టాడు. తన చేతులు మాత్రం ఏ జట్టుకూ మారలేదు, అతని వెనకే ఉండిపోయాయి.

తల ఊపాడు. గోడవైపు చూస్తున్నవాడికి అది కనబడదని గుర్తొచ్చి, నోటితోనే చెప్పాడు.

“గంతే.”

పరమేష్ నవ్వాడు. నవ్వితే నడుము గుంజి, మూలిగాడు. “గా పతకం నాకు నువ్వే ఇచ్చినవన్నట్టు. ఇగ గీ పరీక్ష గుంజుకున్నవ్. లెక్క సాఫ్.” మాట తేలిగ్గానే అన్నాడు గానీ, గొంతు తేలిగ్గా లేదు. “ఎవలకు చెప్పకు. నమ్మరు. నవ్వుతరు.”

“మళ్ల పరీక్ష దాక ఉండలేవా?”

“వీసా ఇంక తొమ్మిది దినాలున్నది రా. పొడిగియ్యమని రాసిన. కుదరదన్నరు.”

“గాడికి పోయి ఏం చేస్తవ్?”

“మార్చి దాక ఉండనిస్తరు. అటెంక వాళ్లకు గూడ ఎరుకలేదు, నాకు గూడ ఎరుకలేదు.”

సాలమ్మకు ఈ మాటలేవీ అర్థం కాలేదు. ఆమె ఇటుక చల్లారిందని తీసుకుపోయి, ఇంకోటి వేడి చేసుకొని తెచ్చింది. ఈసారి తను పెట్టకుండా, వీరేందర్‌నే పెట్టమని ఇచ్చింది. అతను పుట్టుమచ్చకు తగలకుండా, నొప్పి ఉన్నచోట జాగ్రత్తగా పెట్టాడు.

పరమేష్ పోయే రోజు పొద్దున ఆటో ఇంటి ముందు ఆగింది. సాలమ్మ బ్యాగు లోపల పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకొని, డ్రైవరుతో గుంతలు చూసి నడపమని పదిసార్లు చెప్పింది. వాడలోవాళ్లు గడపల్లో నిలబడి చూశారు గానీ దగ్గరికి ఎవరూ రాలేదు. సంఘం గదిలో సోమయ్య పేరు అప్పటికే కొట్టేశారు. ఆ నంబరు ఇంకెవరికో పోయింది. వీరేందర్ వచ్చాడని చూసి ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అతను పట్టించుకోలేదు. పరమేష్‌ను చంక కింద పట్టి ఆటో దాకా నడిపించాడు. ఇద్దరి అడుగులూ కలిసే పడ్డాయి.

“ఇగ ఇడువు, నేనెక్కుత” అన్నాడు పరమేష్.

వీరేందర్ వదిలి, అతని వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. పరమేష్ ఆటో కమ్మీ పట్టుకొని వంగాడు. నడుము పట్టేసింది. నొప్పిని ఓర్చుకోవడానికి పళ్లు బిగించి, ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి లాగాడు.

వీరేందర్ రెండు చేతులూ పిడికిళ్లు బిగించి డొక్కల దాకా వెనక్కి వచ్చాయి. వాటిలో తెడ్లు లేవు. ఆటో కదిలి, మూల తిరిగి, రాజీవ్ రహదారి మీదికి ఎక్కేదాకా అతను వాటిని అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు.